వంకరపురంలో ఆగిన బండి

వంకరపురం ఏ పటంలోనూ దొరకదు. అది భూగోళం దక్షిణపు కొసన, ఇన్వర్‌కార్గిల్‌లో మా వీధి చివరింట్లో, రామలింగేశ్వరరావు గారి గరాజులో, నడుమెత్తు బల్లల మీద ఉంది. రెండు కార్లు పట్టే చోటంతా ఆ ఊరే ఆక్రమించుకుంటే, అసలు కార్లు బయట వానలో తడుస్తుంటాయి. ఆ ఊళ్ళో నిటారుగా నిలబడ్డ వస్తువు ఒక్కటి లేదు. ఇళ్ళు పక్కింటివాళ్ళ మాటలు వినడానికన్నట్టు ఒరిగి ఉంటాయి. మా ఊరి ఇటుకల నీళ్ళ టవరుకు రావుగారు బొజ్జ పెట్టి, పైన టోపీ తొడిగారు. స్టేషన్ మాస్టరు ఇంకా గదిలోనే ఉన్నాడు గానీ ఆయన పొట్ట ప్లాట్‌ఫారం మీదికి వచ్చేసింది. ఫస్ట్ క్లాసు పెట్టెలో గొర్రెలు కాలు మీద కాలేసుకుని పేపరు చదువుతుంటే, వాటి యజమానులు పెట్టె పైకెక్కి, టోపీలు ఎగిరిపోకుండా పట్టుకుని కూర్చున్నారు. చేపల షాపు ముందు క్యూలో ఒక చేప నిలబడి ఉంది. చెట్లన్నీ ఒకే పక్కకి వాలి ఉండటం మాత్రం ఆయన కల్పన కాదు. దక్షిణం నుంచి కొట్టే గాలికి మా దగ్గర చెట్లు నిజంగానే అలా పెరుగుతాయి.

ఊరికి ఒకటే బండి. పొట్టి ఇంజను, దాని నెత్తిన దానికంటే పెద్ద పొగగొట్టం, వెనక మూడు గూని పెట్టెలు.

నా పేరు నర్సింహ. వరంగల్ నుంచి వచ్చి ఇక్కడ కార్ల వైర్లు చూసుకుని బతుకుతున్నవాణ్ణి. దయ్యాలంటే నాకు గౌరవం లేదు. కారు స్టార్ట్ కాకపోతే ఎక్కడో కరెంటు అందడం లేదని అర్థం, అందులో ఏ ఆత్మా కూర్చుని లేదు. ఇది ముందే చెప్పుకోవడం మంచిది. ఎందుకంటే అలాంటి నేనే కొన్నాళ్ళు రావుగారి గరాజులోకి ఒంటరిగా అడుగు పెట్టాలంటే జంకాను.

రావుగారిది రాజమండ్రి. వయసులో ఉండగా పత్రికలకు కార్టూన్లు పంపేవారట. అచ్చయినవాటికంటే తిరిగొచ్చినవే ఎక్కువ. పొట్టకూటికి లారీల వెనక బొమ్మలు వేశారు, షాపులకు బోర్డులు రాశారు. భార్య అనంతలక్ష్మిగారు నర్సు. తొంభైల్లో ఆవిడకి ఇక్కడి ఆసుపత్రిలో ఉద్యోగం వస్తే, చిన్నపిల్లగా ఉన్న కూతురు నిహారికని ఎత్తుకుని ఆయన వెంట వచ్చారు. ‘పెళ్ళాం ఉద్యోగానికి బదిలీ అయిన మొగుణ్ణి’ అని ఎవరూ అడక్కుండానే చెప్పుకుని నవ్వేవారు. కార్లకు సొట్టలు తీసే ఒక షాపులో రంగులు కొట్టే పని దొరికింది. పగలంతా కారుకి చిన్న మరక కూడా లేకుండా రంగు కొట్టి, ఆ కసి తీర్చుకోవడానికన్నట్టు సాయంత్రాలు గరాజులో అడ్డదిడ్డంగా ఊరు కట్టేవారు.

మా ఊళ్ళో తెలిసినవాళ్ళందరూ ఆ బల్లల మీద బొటనవేలంత బొమ్మలై ఉన్నారు. నన్ను ఒక కరెంటు స్తంభం ఎక్కించి, వైర్ల చుట్టలో ఇరికించి, నోట్లో టెస్టరు పెట్టారు. ఆ ముక్కు నాది కాదని నేను ఇప్పటికీ వాదిస్తాను.

అన్నింటికంటే పేరు పడ్డ బొమ్మ అనంతలక్ష్మిగారిది. ప్లాట్‌ఫారం చివర నర్సు యూనిఫాంలో, ఒక చేత్తో టిఫిన్ క్యారియరు, ఇంకో చేత్తో ఊడిన చెప్పు పట్టుకుని, కాళ్ళు రెండూ గాల్లో ఉండగా, నోరు బార్లా తెరిచి బండి కోసం పరిగెడుతూ ఉంటారు. బండి స్టేషన్లో అందరి కోసం ఆగి, బయల్దేరి, సరిగ్గా ఆవిడ ముందునుంచి దర్జాగా వెళ్ళిపోతుంది. ఏటా అక్టోబరులో లేబర్ వీకెండ్ అని మూడు రోజుల సెలవులొస్తాయి, వాటికి ఇక్కడి బొమ్మ రైళ్ళ పిచ్చున్న మోడల్ రైల్వే క్లబ్బువాళ్ళు తమ గరాజులు తెరిచి జనానికి చూపిస్తారు. మిగతా సభ్యులు కొలత తప్పకుండా కట్టిన అసలుసిసలు రైల్వేల దగ్గర పిల్లలు మర్యాదకి కాసేపు నిలబడి, ఇక్కడికి పరిగెత్తుకొచ్చేవారు. ఆవిడ బండి తప్పిపోయిన ప్రతిసారీ విరగబడి నవ్వేవారు. హైస్కూలుకి వెళ్ళి మీసాలు వస్తున్నవాళ్ళు కూడా తమ్ముణ్ణి తీసుకొచ్చామన్న వంకతో ప్రతి ఏడూ వచ్చేవారు. జోకు ఏమిటో అందరికీ ముందే తెలుసు. తెలిసినా మళ్ళీ చూడాలనిపించేది, అందులో ఏం ఉందో నేను చెప్పలేను.

ఆవిడకి మాత్రం అది కాస్త గుచ్చుకునేది. ఆవిడ బతుకంతా నిజంగానే పరుగు. డ్యూటీకి పరుగు, డ్యూటీ నుంచి వంటింట్లోకి పరుగు.

“ఊరందరి కోసం ఆపుతారు. చేప కోసం కూడా ఆపుతారు. నాకోసం ఒక్కసారి ఆపితే మీ సొమ్మేం పోయింది?” అనేవారు.

“ఆపితే జోకు చచ్చిపోతుంది లక్ష్మీ,” అనేవారు ఆయన.

ఈ రెండు మాటలూ నా ఎదుటే ఎన్నోసార్లు నడిచాయి. వింటున్న మేమందరం నవ్వేవాళ్ళం.

ఆవిడ ప్రతి దసరాకీ ఆయుధపూజ చేసేవారు. ఆయన రంగులు కొట్టే గన్ను, నా టెస్టర్లు, రెండిళ్ళ కార్లు, చివరికి వంకరపురం ఇంజను, అన్నింటికీ బొట్టు పడాల్సిందే. రావుగారిది ఒకటే షరతు. ఇంజను నుదుటికి ఎంతైనా పెట్టుకో, పట్టాల జోలికి మాత్రం పోవద్దు. పట్టాల్లోంచే చక్రాల ద్వారా ఇంజనుకి కరెంటు అందుతుంది. జిడ్డు వేలితో తాకినా బండి మొరాయిస్తుంది. అంత నెమ్మదైన మనిషీ, ఎవరైనా పట్టాల మీద చెయ్యి వేస్తే ఇల్లెగిరిపోయేలా అరిచేవారు.

రెండువేల ఐదులో దసరా వచ్చేసరికి ఇంజను ఊళ్ళో లేదు. మోటారు కాలిపోతే క్రైస్ట్‌చర్చ్‌లో బాగుచేసే ఒకాయనకి పంపించారు. ఆ రోజు రావుగారూ నేనూ పనుల్లో ఉన్నాం. మా ఆవిడ శ్రీవల్లి ఒక్కతే పూజకి వెళ్ళి పులిహోర తెచ్చింది.

నవంబరులో ఒక మధ్యాహ్నం అనంతలక్ష్మిగారు వార్డులో మందుల ట్రాలీ తోసుకుంటూ వెళుతూ కూలిపోయారు. మెదడులో నరం చిట్లిందన్నారు. మాట్లాడటానికి కూడా వ్యవధి దొరకలేదు. ఇంటికి ఆవిడ బట్టలూ, తెల్ల బూట్లూ, కడగని టిఫిన్ క్యారియరూ ఒక సంచిలో వచ్చాయి. ఆ బూట్లను రావుగారు గరాజు గుమ్మం పక్కన, ఆవిడ ఎప్పుడూ విడిచే చోటే పెట్టారు.

దినకర్మలన్నీ అయిన వారంలో కొరియరువాడు ఇంజను తెచ్చి ఇచ్చాడు. అది ఉందన్న సంగతే అందరం మరిచిపోయాం. చేతులకి ఏదో ఒక పని కావాలని కాబోలు, ఆయన దాన్ని పట్టాల మీద పెట్టి, పెట్టెలు తగిలించి, మీట తిప్పారు. నేను పక్కనే ఉన్నాను. బండి సొరంగంలోంచి వచ్చింది. స్టేషన్లో ఆగింది. బయల్దేరింది. ప్లాట్‌ఫారం చివర, టిఫిన్ క్యారియరుతో పరిగెడుతున్న బొమ్మ ముందుకి వచ్చి నిలబడిపోయింది. ఇంజను దీపం కూడా ఆరిపోయింది.

నా చెయ్యి అలవాటుగా అటు వెళ్ళింది. ఆయన నా మణికట్టు పట్టుకున్నారు. కాసేపటికి తనే చిటికెన వేలితో ఇంజనుని ముందుకి నెట్టారు. దీపం వెలిగి, బండి ఊరంతా తిరిగి వచ్చి, మళ్ళీ అక్కడే ఆగింది. మూడోసారీ అంతే. ఈ సంగతి ఎవరికీ చెప్పవద్దని నా దగ్గర మాట తీసుకున్నారు. ఇంటికి నడిచి వస్తుంటే ఎండ ఇంకా ఉంది. అయినా నాకు చలేసింది.

మా దగ్గర డిసెంబరంటే ఎండాకాలం, సాయంత్రాలు తెమలవు, ఎంతసేపటికీ వెలుతురు పోదు. ఆ వెలుతుర్లో ఆయన గరాజులో కూర్చుని బండి నడిపేవారు. అది ఆవిడ ముందు ఆగితే ఆ రోజు జరిగినవన్నీ చెప్పేవారు. ఏ కారుకి ఏ రంగు కొట్టిందీ, నిహారిక డునెడిన్‌లో కాలేజీ పరీక్షలు ఎలా రాసిందీ, కూరలో ఉప్పెక్కువైందీ. చెప్పడం అయ్యాక వేలితో నెట్టేవారు. నేను తలుపు దగ్గర నిలబడి విన్నాను. లోపలికి వెళ్ళబుద్ధి కాలేదు. నవ్వించడానికి చేసిన ముఖాలు, ఎవరూ నవ్వకపోతే భయపెడతాయని నాకు అప్పుడే తెలిసింది. స్టేషన్ మాస్టరు, గొర్రెలు, చేప, స్తంభం మీద నేను, అందరం పళ్ళన్నీ బయటపెట్టి ఆయన్నే చూస్తున్నట్టుండేది.

జూన్‌తో చలికాలం వచ్చింది. ఆయన పనికి వెళ్ళడం మానేశారు. హీటరు కూడా వేసుకోకుండా గరాజులోనే ఉండేవారు. నిహారిక డునెడిన్ నుంచి నాకు ఫోన్ చేసింది. ఆ పిల్లకి తెలుగు అర్థమవుతుంది గానీ మాట ఇంగ్లీషులోనే వస్తుంది. ఆ రోజు మాత్రం “నాన్న బీపీ టాబ్లెట్స్ వేసుకోవట్లేదు అంకుల్” అని తెలుగులో చెప్పి ఏడ్చింది. సెలవులకి వచ్చినప్పుడు చూస్తే సొరుగులో మందుల అట్టలు విప్పకుండా అలాగే ఉన్నాయట.

ఆ సాయంత్రమే వెళ్ళాను. గాలి గరాజు తలుపుని ఎవరో లోపలికి రావడానికి ఊపుతున్నట్టు ఊపుతోంది. వంకరపురం ప్లాట్‌ఫారం మీద ఒక కొత్త బొమ్మ ఉంది. బట్టతల, బుర్ర మీసాలు, చేతిలో పెట్టె. ఇన్నేళ్ళలో ఊరందరినీ చేసిన మనిషి తన బొమ్మ మాత్రం ఎప్పుడూ చేసుకోలేదు. ఇప్పుడు చేసి, పరిగెడుతున్న భార్య పక్కన, పెట్టె పుచ్చుకుని నిలబెట్టుకున్నారు.

నాకు కోపమొచ్చింది. భయం వేస్తే నాకు ముందు వచ్చేది కోపమే. మందులెందుకు మింగడం లేదని గట్టిగా అడిగాను. పట్టా మురికి పట్టింది సార్, గుడ్డతో తుడిస్తే పోయేదానికి ఇంత చేస్తారా అన్నాను.

“మురికైతే ఊరంతా ఆగాలిగా. తన దగ్గరే ఎందుకు ఆగుతుంది?” అన్నారాయన. గొంతులో కోపం లేదు. “నన్ను పిలుస్తోంది నర్సింహా. అన్నేళ్ళు నా వెనక వచ్చింది పాపం, నేను ఆగలేదు. ఇప్పుడు తను ఆగి నాకోసం చూస్తోంది. మందులు మింగుతూ కూర్చుంటే ఎలా?”

నేను విసురుగా బయటికి వచ్చేస్తే, ఆయన నా వెనకే వచ్చి తలుపేసుకున్నారు.

ఇచ్చిన మాట ఆ రోజు ఇంటికొచ్చి తప్పాను. శ్రీవల్లికి మొత్తం చెప్పాను. ఆవిడ పోయాక శ్రీవల్లి ఆ గరాజు ముఖం చూడలేదు. బండి ఎక్కడ ఆగుతోందో తనకి తెలియదు. బియ్యం కడుగుతున్నదల్లా గిన్నె పక్కన పెట్టి, “ఏ జాగల ఆగుతది?” అని అడిగింది. ఆంటీ బొమ్మ ముందర అన్నాను. కుర్చీ లాక్కుని కూలబడింది.

“ఆ పండుగ పొద్దు ఇంజను లేకపాయె గదా,” అంది. “బొట్టు దేనికి పెట్టాల్నో తెల్వక ఆంటీ అటు జూసి ఇటు జూసి పట్టాకే పెట్టింది. నువ్వులనూనెల కుంకుమ కలిపి, ఆమె బొమ్మ ముంగట వేలుతోని పొడుగ్గ గీసింది. ఈసారన్నా నాకోసం ఆగుతుందేమో, మీ అంకుల్‌కి చెప్పకు అని నవ్వింది. నేను చెప్పలే.”

అన్నం పొయ్యి మీద పెట్టకుండానే ఇద్దరం బయల్దేరాం. శ్రీవల్లి మాటలు రావుగారు నమ్మలేదు. తనని ఊరడించడానికి చెబుతోందనుకున్నారు. నేను పట్టాని ముట్టుకోలేదు. టార్చి, సన్నని వైర్లు చూడటానికి వాడే భూతద్దం ఆయన చేతికిచ్చి మీరే చూడండి అన్నాను. పాతబడినట్టు కనబడాలని ఆ పట్టాలకి తుప్పు రంగు వేసింది ఆయనే. నూనెలో ఎండి నల్లబడ్డ కుంకుమ ఆ రంగులో కలిసిపోయి, అన్ని నెలలూ ఆయన కళ్ళముందే దాక్కుంది. వేలెడు పొడవున పట్టా మీద పరుచుకుంది. పొట్టి ఇంజను చక్రాలన్నీ దాని మీదికి ఒకేసారి వచ్చేసరికి కరెంటు అందడం లేదు. పట్టా కింది చెక్కల మీద కూడా కాస్త అంటింది. ఆ చెక్క మీద, ఎండిపోయిన కుంకుమలో, వేలి గీతలు పడి ఉన్నాయి.

ఆయన చాలాసేపు వంగే ఉన్నారు. ఆ గీతలు ఆయనకి తెలియకపోతే ఎవరికి తెలుస్తాయి? తల ఎత్తేసరికి ముఖమంతా తడిసి ఉంది.

“నోరు తెరిచి అడిగింది. ఎన్నిసార్లు అడిగింది! ఆపలేదు. తన బండి తనే ఆపుకుంది,” అన్నారు.

స్పిరిటూ గుడ్డా నా జేబులో ఉన్నాయి. బయటికి తియ్యలేకపోయాను. మందులు వేసుకుంటానని శ్రీవల్లికి మాటిచ్చారు, వేసుకున్నారు కూడా. పెట్టె పుచ్చుకున్న బొమ్మని మాత్రం తియ్యలేదు. ఉండనీ అన్నారు. లోపం దొరికితే సగం పని అయినట్టే అని మా వృత్తిలో అనుకుంటాం. ఇక్కడ దొరికాక నాకు ఇంకా దిగులు పట్టుకుంది. బండి ఎందుకు ఆగుతోందో తెలిసింది, సరే. ఆపింది నిజంగా ఆవిడేనని కూడా తేలిందిగా. ఆ బొమ్మ అక్కడ పెట్టె పట్టుకుని ఉన్నంతకాలం ఆ మందులు ఏ రోజు ఆగిపోతాయోనని శ్రీవల్లీ నేనూ చూస్తూనే ఉన్నాం.

ఆ అక్టోబరులో గరాజు తెరవనంటారేమో అనుకున్నాను. తెరిచారు. పిల్లలు ఎప్పటి చోట ఎప్పటి నవ్వు పట్టుకుని నిలబడ్డారు. బండి వచ్చి ఆవిడ ముందు ఆగిపోయింది. నవ్వు రాలేదు. ఒక చిన్నపిల్ల ఇంగ్లీషులో ఆవిడ ఎక్కుతోందా అని మెల్లగా అడిగింది. రావుగారు తలూపారు. కాసేపాగి, ఆ పిల్ల వేలు పట్టుకుని దానితో ఇంజనుని నెట్టించారు. ఇక ప్రతివాడూ నెడతానని క్యూ కట్టాడు. ఆ ఏడు పిల్లలు ఇంకెక్కడికీ పోలేదు. బండి ఆగినప్పుడల్లా గరాజు అంతా గుసగుసగా అయిపోయేది, అంత అల్లరి మూకా ఆవిడ ఎక్కేదాకా ఓపిగ్గా ఎదురుచూసేది.

అలా ఒక్కో వేలు నెట్టినప్పుడల్లా చక్రాల కింద ఆ కుంకుమ కొద్దికొద్దిగా అరిగిపోతోంది. నాకు తెలుసు. ఆయనకీ తెలిసే ఉంటుంది. మరుసటి ఏడు చలికాలానికి బండి ఒకసారి ఆగితే రెండుసార్లు ఆగకుండా పోయేది. ఆ తర్వాత ఆగడం మానేసి, ఆవిడ ముందుకి రాగానే దీపం మాత్రం మినుక్కుమనేది. సెప్టెంబరుకల్లా అదీ పోయింది. ఆయన రాత్రి సరిగా పడుకోవడం లేదని నిహారిక మళ్ళీ ఫోన్ చేసింది.

రెండువేల ఏడులో దసరా సరిగ్గా లేబర్ వీకెండ్ ఆదివారం పడింది. నిహారిక డునెడిన్ నుంచి వచ్చింది. జనం రాకముందే పూజ కానిద్దామని రావుగారు మమ్మల్ని పొద్దున్నే పిలిచారు. గన్నుకీ, టెస్టర్లకీ, కార్లకీ బొట్లు పెట్టారు. ఇంజనుకి పెట్టారు. తర్వాత మిగిలిన నూనె కుంకుమలో తన చూపుడువేలు ముంచి, పట్టా మీద చెయ్యేస్తే ఇల్లెగిరేలా అరిచే ఆ మనిషి, భార్య బొమ్మ ముందు పట్టా మీద గీత గీశారు. పక్కన పెట్టె పట్టుకున్న ఆయన బొమ్మ అలాగే ఉంది. ఆగితే ఏమవుతుంది, ఆగకపోతే ఏమవుతుంది అని లెక్కలేసుకుంటున్నాను. ఏది కోరుకోవాలో నాకు తెలియలేదు.

మీట తిప్పారు. బండి సొరంగంలోంచి వచ్చింది. స్టేషన్లో ఆగింది, బయల్దేరింది. ఆవిడ ముందునుంచి, దీపమైనా మినుక్కుమనకుండా, వెళ్ళిపోయింది. ఊరంతా తిరిగి వచ్చి మళ్ళీ అలాగే వెళ్ళిపోయింది. నిహారిక శ్రీవల్లి చెయ్యి పట్టుకుంది. నూనె తక్కువైంది, గీత పొట్టిదైంది, ఇంకో రెండు చుక్కలు వేసి పొడుగ్గా గీస్తే ఆగుతుంది. నాకు తెలుసు. చెప్పడానికి నోరు తెరిచాను. ఆయన చెయ్యెత్తి వద్దన్నారు.

“ఎక్కేసింది నర్సింహా,” అన్నారు. “నన్ను పిలవలేదు. తను ఎక్కి వెళ్ళిపోయింది, అంతే.”

వంగి, పెట్టె పుచ్చుకున్న తన బొమ్మని ప్లాట్‌ఫారం మీదనుంచి పీకారు. జిగురు చిటుక్కుమంది. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, తలుపు తియ్యమని కూతురికి చెప్పారు.

పిల్లలు తోసుకుంటూ లోపలికి వచ్చారు. ఈసారి నెట్టడానికి వేళ్ళు చాపుకుని మరీ వచ్చారు. బండి ఆగకుండా, ఊడిన చెప్పు పట్టుకుని పరిగెడుతున్న ఆవిడ ముందునుంచి దర్జాగా వెళ్ళిపోయింది. ఒక్క క్షణం చూసి, పాత నవ్వు గుర్తొచ్చి, అందరూ విరగబడి నవ్వారు. రావుగారు ఆ బొమ్మని చూడటం లేదు. బండి వెంటే తల తిప్పుతూ, పెట్టెల కిటికీల్లోకి ఒక్కొక్కదాంట్లోకీ చూస్తున్నారు.